సీడీ4 పెరిగింది సరే, ఆ కణాలు ఎక్కడివి?

హెచ్ఐవీ ఉన్నవాళ్లు మందులు వేళకు వేసుకుంటారు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించదు. అయినా కొందరికి సీడీ4, అంటే రోగాలతో పోరాడే టి కణాల్లో హెచ్ఐవీ దెబ్బతీసే రకం లెక్క, ఏళ్ల తరబడి 200 దగ్గరే ఆగిపోతుంది. మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదేమోనని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. చాలాసార్లు అది అన్యాయం. అసలు విషయం కొత్త టి కణాల తయారీలో ఉండొచ్చు.

ఆ తయారీ జరిగేది రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో. 1961లో జాక్ మిల్లర్ ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూపించేదాకా అదేం చేస్తుందో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత కూడా, పెద్దయ్యాక కొవ్వుగా మారిపోతుంది కాబట్టి పెద్దవాళ్లలో దాని పని అయిపోయినట్టేనని చాలామంది నమ్మారు. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడంతో సీడీ4 పెరగసాగింది. అవి కొత్తగా పుట్టినవా, లింఫ్ గ్రంథుల్లోంచి బయటికొచ్చిన పాతవా? సీడీ4 అంకె అది చెప్పదు.

1998లో డల్లాస్‌లో డానియెల్ డూయెక్, రిచర్డ్ కూప్ బృందం ఒక దారి చూపింది. థైమస్‌లో టి కణం, సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టే తన గ్రాహకం జన్యువును కూర్చుకునేటప్పుడు మధ్యలోని డీఎన్ఏ ముక్క తెగి చిన్న రింగులా మిగులుతుంది. దాని పేరు ట్రెక్. కణం రెండైనా రింగు రెండవదు, ఒక పిల్ల కణానికే వెళ్తుంది. డీఎన్ఏ ముక్కల్ని పెంచి కొలిచే పీసీఆర్ పరీక్షతో వీటిని లెక్కపెడితే, పెద్ద వయసులోనూ థైమస్ పూర్తిగా ఆగిపోలేదని తేలింది. హెచ్ఐవీ వల్ల తగ్గిన ట్రెక్‌లు మందులు మొదలుపెట్టాక చాలామందిలో మళ్లీ పెరిగాయి.

2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇందులో మెలిక చూపించారు. చారులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు తగ్గకపోయినా చప్పబడినట్టే, హెచ్ఐవీలో కణాలు విపరీతంగా విభజన చెందడం వల్ల కూడా ట్రెక్‌లు పలచబడతాయి. మందులతో ఆ విభజన నెమ్మదిస్తే, థైమస్ పుంజుకోకపోయినా అంకె పెరగొచ్చు.

దీనికి 2004లో మాంట్రియల్‌లో రఫీక్ సెకాలీ బృందం ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. థైమస్‌లో ముందు గ్రాహకంలోని బీటా భాగం జన్యువు కూర్పులో తెగే బీటా రింగులు పుడతాయి, కణాలు కొన్ని విడతలు విభజన చెందాక మరో రకం రింగు పుడుతుంది. రక్తంలోకి వచ్చాక రెండూ సమానంగా పలచబడతాయి కాబట్టి వాటి నిష్పత్తి మారదు. అంటే ఆ నిష్పత్తి థైమస్ లోపలి విభజననే చెబుతుంది. హెచ్ఐవీ సోకిన కొత్తలోనే ఆ విభజన దెబ్బతింటోందని వాళ్లు చూపించారు.

2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో నవజాత శిశువుల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర రోగనిరోధక లోపాన్ని పట్టుకోవడానికి ట్రెక్ పరీక్ష మొదలైంది. హెచ్ఐవీ చికిత్సలో మాత్రం అది ఇంకా పరిశోధనల్లోనే ఉంది. ఒక్క ట్రెక్ అంకె చూసి రోగితో ‘నీ థైమస్ పోయింది’ అనడానికి లేదు.