పళ్ళెం మోగిస్తే తిరిగాడు కదా, ఇంక చెవులకేం? ఏడాది పిల్లల మాటల గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒక నానమ్మగారు లంక ఊరి నుంచి మనవణ్ణి చంకనేసుకుని, పంటు దాటి, బస్సెక్కి అమలాపురంలో మా సెంటర్‌కి వచ్చారు. బాబుకి 2 ఏళ్ళ 4 నెలలు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, తండ్రి రొయ్యల చెరువు మీద ఉంటాడు. పిల్లాడి మంచిచెడ్డలన్నీ ఈవిడే చూసుకుంటారు. కూర్చుంటూనే చెప్పారు: "చెవులు బాగానే వినపడతాయండి, పళ్ళెం కొడితే ఇటే తిరుగుతాడు. మాటే రావట్లేదు. టానిక్ ఏదైనా రాస్తారేమోనని తీసుకొచ్చానండి."

నేను ఈ పనిలోకి వచ్చి 14 ఏళ్ళయింది. పిల్లల వినికిడి పరీక్షలు, స్పీచ్ థెరపీ రెండూ చేస్తాను. ఈ పళ్ళెం మాట వినకుండా నాకు ఒక్క వారం గడవదు.

కొట్టి చూపించమన్నాను. సంచిలోంచి స్టీలు పళ్ళెం, గరిటె తీశారు. నమ్మనేమోనని ఇంటి దగ్గర నుంచే తెచ్చుకున్నారు. ఒక్క దెబ్బకి బాబు గిరుక్కున తిరిగాడు. తర్వాత వాణ్ణి చాప మీద, గోడ వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, రింగులు చేతికిచ్చాను. నానమ్మగారిని వాడి వెనక రెండు బారల దూరంలో, నీడ పడని చోట నిలబెట్టి, ఇంట్లో పిలిచినట్టే పేరు పెట్టి పిలవమన్నాను. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు పిలిచారు. వాడు రింగు మీద రింగు పెట్టుకుంటూనే ఉన్నాడు. "స్... స్..." అనమన్నాను. అదీ అయింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. గరిటె చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయారు. తర్వాత బెరా పరీక్షలో (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) రెండు చెవుల్లోనూ తీవ్రమైన వినికిడి లోపం ఉందని తేలింది.

నాకు కడుపు తరుక్కుపోయేది ఎక్కడంటే, ఆవిడ అజాగ్రత్తగా లేరు. ఏడాది నిండినప్పుడే, పిలిస్తే పలకట్లేదని ఒక డాక్టరుగారికి చూపించారట. "మగపిల్లాడు కదమ్మా, మూడేళ్ళ దాకా చూడండి" అన్నారట ఆయన. మెదడు మాటను పట్టుకోవడానికి అన్నిటికంటే సిద్ధంగా ఉండే కాలంలో 16 నెలలు అలా పోయాయి.

అందుకే ముందు ఈ పళ్ళెం సంగతి తేలుద్దాం.

అపోహ: చప్పుడుకి తిరిగితే చెవులు బాగున్నట్టే.

వాస్తవం: కాదు. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. పక్కన పళ్ళెం గట్టిగా కొడితే 90 కూడా దాటొచ్చు. బాగా వినికిడి తగ్గిన పిల్లలకి కూడా ఆ చప్పుడు అందుతుంది. ఒకవేళ అందకపోయినా, చెయ్యి లేవడం కంటి చివర కనపడుతుంది, మంచం అదురుతుంది, గదిలో అందరూ అటే చూస్తారు. వినికిడి తక్కువైన పిల్లలు ఇవన్నీ మనకంటే బాగా పసిగడతారు. ఇంకొకటి, చెవి అన్ని శబ్దాలకీ ఒకేలా దెబ్బతినదు. కొందరికి లావు శబ్దాలు వినపడి, స, ష, ఫ లాంటి సన్నవి అసలు వినపడవు. అలాంటి పిల్లాడు లారీ హారన్‌కి ఉలిక్కిపడతాడు, తలుపు చప్పుడుకి లేస్తాడు. మీరు "సీసా" అంటే మాత్రం వాడి దాకా "ఈ...ఆ" అన్నట్టే చేరుతుంది. అచ్చులు మాత్రమే విన్న పిల్లాడు హల్లులు ఎక్కడి నుంచి తెచ్చి మాట్లాడతాడు?

"చిన్నప్పుడు ఉంగా ఉంగా అని బాగానే పలికేవాడండి" అని కూడా చెబుతారు. నిజమే. వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగాలు పలుకుతారు, నవ్వుతారు, కేకలేస్తారు. తేడా తెలిసేది ఆ తర్వాతే. వినపడే పిల్లలు 6 నుంచి 10 నెలల మధ్య బాబాబా, తాతాతా, అత్తత్త అని హల్లులతో దండలు గుచ్చడం మొదలుపెడతారు. వినపడని పిల్లల్లో ఆ దండ ఆలస్యమవుతుంది, లేదా రాదు. కాబట్టి 10 నెలలు దాటినా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే "బుద్ధిమంతుడు, గోల చెయ్యడు" అని మురిసిపోకండి, చెవి పరీక్ష చేయించండి.

"మా రెండు వైపులా ఎవరికీ ఇలాంటిది లేదు." పుట్టు వినికిడి లోపం ఉన్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా తల్లిదండ్రులకి చక్కగా వినపడుతుంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. ఒకే కుటుంబంలో దాగి ఉన్న జన్యులోపం అమ్మ నుంచి, నాన్న నుంచి రెండు వైపులా బిడ్డకి చేరే అవకాశం అక్కడ పెరుగుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు నేను అత్తగార్ల వైపు తిరిగి మరీ చెబుతాను: ఇందులో తల్లి తప్పేమీ లేదు, కోడలిని ఒక్క మాట అనకండి అని. మేనరికం కాని ఇళ్ళలోనూ ఇది ఉంటుంది. బరువు తక్కువగా పుట్టడం, పుట్టగానే తీవ్రమైన కామెర్లు రావడం, ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఎక్కువ రోజులు ఉండడం, మెదడు పొరల వాపు (మెనింజైటిస్), గర్భంలో ఉండగా తల్లికి వచ్చిన కొన్ని ఇన్ఫెక్షన్లు, ఇవీ కారణాలే.

"పుట్టినప్పుడు టెస్టులో పాసయ్యాడు" అన్నదీ పూర్తి భరోసా కాదు. ఆ రోజు చేసేది ఎక్కువగా ఓఏఈ. అది లోపలి చెవి ఎలా ఉందో చెబుతుంది, అక్కడి నుంచి శబ్దాన్ని మోసుకెళ్ళే నరం సంగతి చెప్పదు. కామెర్లు ముదిరిన పిల్లలకీ, ఎన్‌ఐసీయూ పిల్లలకీ అందుకే బెరా కూడా కావాలి. పైగా కొందరిలో వినికిడి పుట్టిన కొన్నాళ్ళకి తగ్గుతుంది. పాత కాగితం బీరువాలో ఉందని ఊరుకోవద్దు.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. నాకు పదేళ్ళున్నప్పుడు మా పెద్దమ్మ చిన్నకొడుకు రెండేళ్ళవాడు. మాటలు రావట్లేదని ఇంటినిండా చుట్టాలు చేరారు. వాడు చెక్కబల్ల మీద కూర్చుని కొబ్బరిపుల్లలతో ఆడుకుంటున్నాడు. ఇత్తడి పళ్ళెం నా చేతికిచ్చి, వెనక నుంచి బల్ల మీద పడెయ్యమన్నారు. పడేశాను. తిరిగాడు. పెద్దమ్మ అక్కడికక్కడే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ బల్ల అదిరిన సంగతి నాతో సహా ఎవరికీ తట్టలేదు. నాలుగేళ్ళు నిండాక గానీ అసలు విషయం తెలియలేదు. ఆ రోజుల్లో అంత లేటుగా తెలిసిన పిల్లలకి మా వైపు చేసేదీ పెద్దగా లేదు. ఊళ్ళో వాణ్ణి మూగోడన్నారు. వాడి గొంతుకి ఏ లోపమూ లేదు. మాట వాడి చెవి దాకా రాలేదు, అంతే. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే చేతులతోనే మాట్లాడుకుంటాం, నాకు చక్కగా అర్థమవుతుంది. కానీ ఆ పళ్ళెం నా చేతిలోంచే జారింది.

పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు. మా రంగంలో ఎవరినడిగినా చెప్పే లెక్క ఇది. రెండు మూడు నెలల పసివాళ్ళకి కూడా హియరింగ్ ఎయిడ్ పెట్టొచ్చు. అది చాలని వాళ్ళకి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) ఉంది, ఎంత చిన్న వయసులో చేస్తే అంత బాగా మాట వస్తుంది. "ఆడపిల్ల, మిషన్ పెడితే రేపు పెళ్ళెలా" అని ఆగిపోయే ఇళ్ళు నాకు తెలుసు. ఆ తల్లుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ మిషన్ కంటే ముందు, ఆ పిల్ల అమ్మా అని పిలవడం ముఖ్యం.

ఇక రెండో వైపు. చెవులు బాగుండి, పిల్లలు బాగుండి, టెన్షన్‌తో నిద్ర మానేసిన తల్లులు కూడా నా దగ్గరికి వస్తారు. "13 నెలలొచ్చాయండి, పక్కింటి పాప పది మాటలంటోంది, మా వాడు ఒక్కటీ అనడు." ఇలా వచ్చినవాళ్ళలో మా చెల్లెలు కూడా ఉంది. రాత్రి పదకొండింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేనడిగింది ఒక్కటే: వేలు చూపిస్తున్నాడా? "అదేంటక్కా, రోజంతా అదే పని. ఫ్యాను చూపిస్తాడు, కాకిని చూపిస్తాడు, చూపించి నా ముఖం చూస్తాడు." అయితే పడుకో అన్నాను.

ఏడాది నిండిన పిల్లల్లో మాటల లెక్క కంటే ముందు నేను చూసేది ఆ వేలే. కావలసింది చూపించడం, ఇంకా ముఖ్యంగా "అదిగో చూడు" అని మనకి చూపించి మన ముఖం వైపు చూడడం. ఇది సాధారణంగా 9 నుంచి 14 నెలల మధ్య వస్తుంది. పేరు పిలిస్తే తిరగడం, టాటా చెప్పడం, దోబూచాటకి ఎదురుచూడడం, "వద్దు" అంటే ఒక్క క్షణం ఆగడం, "తాతయ్య ఏడీ?" అంటే తాతయ్య వైపు చూడడం, చేతిలోది మనకి ఇవ్వడం. నోటితో అనకపోయినా ఇవన్నీ మాటలే. ఇవి ఉన్న పిల్లాడికి మొదటి మాట 12 నెలలకి వచ్చినా 15కి వచ్చినా నాకు కంగారు లేదు. మాట అంటే స్పష్టంగానే ఉండక్కర్లేదు. ప్రతిసారీ కాకిని చూసి "కా" అంటే అది మాటే. అన్నం చూసి "బూ" అంటే బువ్వే. గాల్లోకి చూస్తూ అత్తత్తత్త అంటే మాత్రం అది ఇంకా మాట కాదు, మేనత్తగారు ఎంత మురిసిపోయినా సరే.

ఆగకూడని గుర్తులు కూడా చెప్పేస్తాను. ఏడాదికి తాతాతా అనే పలుకుగానీ, వేలు చూపడం, టాటా లాంటి సైగలుగానీ లేకపోవడం. 16 నెలలకి ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు ఇయ్యి" లాంటి రెండు మాటల జోడీ లేకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాట గానీ, టాటా గానీ, కళ్ళలోకి చూడడం గానీ మాయమైపోవడం. ఇది ఏ వయసులో జరిగినా సరే, పండగ అయ్యాక వెళ్దాం అనుకోకండి.

మిగతావి త్వరత్వరగా.

మగపిల్లలకి లేటా? సగటున కొంచెం తేడా ఉంటుంది. ఆ కొంచెం కోసం ఏడాది ఆగడం ఏ లెక్కా కాదు. వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళ దాకా మాట్లాడలేదంటే, అది పరీక్ష మానడానికి కారణం కాదు, ముందే చేయించడానికి కారణం.

నాలుక కింద తీగ ఉందని కోయించడం: ఆ తీగ వల్ల కొందరికి పాలు తాగడం కష్టమవుతుంది, కొందరికి ర, ల లాంటివి తిరక్కపోవచ్చు. మాటే రాకపోవడానికి అది కారణం కాదు. వేలు చూపని పిల్లాడి నాలుక కోస్తే వేలు రాదు.

వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించడం: దయచేసి వద్దు. వసతో పసిపిల్లలకి వాంతులవుతాయి. ఏడాదిలోపు పిల్లలకి తేనె ప్రమాదం, బాట్యులిజం అనే జబ్బు రావచ్చు. వసపిట్టలా మాట్లాడాలంటే వస అక్కర్లేదు, మాట్లాడే మనిషి కావాలి.

గుడిగంటలో నీళ్ళు పోసి తాగించే వాళ్ళు వస్తారు. నేనేమీ అనను. శుభ్రమైన నీళ్ళు పొయ్యండి, మొక్కు తీర్చుకోండి, అదే వారంలో పరీక్ష కూడా చేయించండి అంటాను. ముందు నడక వస్తే మాట ఆలస్యమని, అద్దం చూపిస్తే మాట రాదని అనడానికి ఆధారమే లేదు.

ఫోన్‌లో రైమ్స్ పెడితే మాటలు రావు. ఫోన్ పిల్లాడి వంతు కోసం ఆగదు. వాడు "ఆ" అంటే తిరిగి "ఆ" అనదు. ఏడాదివాళ్ళకి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కువైట్‌లో ఉన్న అమ్మతో వీడియో కాల్ వేరు, అక్కడ ఎదురుగా పలికే మనిషి ఉంది, అది మానొద్దు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే కాన్వెంటుకి పనికొస్తుందని రాని ఇంగ్లీషులో తంటాలు పడే తల్లులకి ఒకటే మాట, మీకు ఏ భాషలో కోపం, ముద్దు రెండూ వస్తాయో ఆ భాషలో మాట్లాడండి. రెండు భాషలు విన్నా పిల్లలకి నష్టం లేదు.

చివరగా బెరా గురించి. తలకి కరెంటు పెడతారని ఊళ్ళల్లో ఒక పుకారు తిరుగుతోంది. ఈ పుకారు నమ్మి అపాయింట్‌మెంట్ తీసుకుని కూడా రాని వాళ్ళున్నారు. కరెంటేమీ పంపరు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అంటించి, చెవిలోకి టిక్ టిక్ మని శబ్దం పంపి, దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో రాసుకుంటారు. నొప్పి ఉండదు. పిల్లాడు నిద్రపోవాలి, అదొక్కటే కష్టం. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వచ్చినప్పుడు వాళ్ళకి చూపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి ఉచితంగానే పంపుతారు. వాళ్ళు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మీ అంగన్‌వాడీ టీచరుగారిని గానీ ఆశా కార్యకర్తను గానీ రేపే అడగండి.

పరీక్ష రోజు పిల్లాణ్ణి పొద్దున్నే లేపేయండి. దారిలో నిద్రపోనివ్వకండి, బస్సు ఊపుకి ఇట్టే పడుకుంటారు, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆడిస్తూ ఉండండి. తలకి నూనె రాయకండి, బిళ్ళలు అంటుకోవు. జలుబు, చెవిలో చీము ఉంటే ముందే చెప్పండి. పాలసీసా, వాడు రోజూ కప్పుకునే పాత చీర తెచ్చుకోండి. కొన్నిసార్లు నిద్రకి సిరప్ ఇవ్వాల్సి వస్తుంది, అది డాక్టరుగారు బరువు చూసి ఇస్తారు, ఇంటి దగ్గర ఏదీ పట్టకండి. అమ్మ ఊళ్ళో లేకపోతే, రోజూ ఎవరి ఒళ్ళో పడుకుంటాడో వాళ్ళే రండి.