కూరగాయల సంతలో బ్రూనో

రోమ్‌లో కాంపో దె ఫియోరి అనే చోట పొద్దున్నే కూరగాయల సంత పెడతారు. టమాటాల బుట్టల మధ్య ఎత్తైన దిమ్మె మీద నల్లటి కంచు విగ్రహం, తలమీదికి లాగిన ముసుగు, పుస్తకం మీద వేసిన చేతులు. అది ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనోది. 1600 ఫిబ్రవరి 17న ఆయన్ని బతికుండగానే తగలబెట్టింది ఈ సంత చోటే, అదీ మాట్లాడకుండా నోరు కట్టేసి.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకే చంపేశారని అంటుంటారు గానీ సంగతి అంత తేలిక కాదు. 1548లో నేపుల్స్ దగ్గర నోలాలో పుట్టి, డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘంలో చేరి, 1576లో పారిపోయి జెనీవా, పారిస్, లండన్, ప్రాగ్ అంటూ ఊళ్ళు తిరిగాడు. నక్షత్రాలన్నీ సూర్యుళ్ళేనని, లోకాలకు లెక్కే లేదని రాశాడు. అయితే దూరదర్శిని పట్టి చూసి చెప్పింది కాదు, ఆలోచించి చెప్పింది. జ్ఞాపకశక్తి విద్య నేర్పమని వెనిస్ పెద్దమనిషి మొచెనిగో పిలిస్తే వెళ్ళాడు, చివరికి ఆ మొచెనిగోనే నాకేం సరిగ్గా నేర్పలేదన్న కోపంతో గదిలో పెట్టి తాళం వేసి, 1592లో మతవిచారణ వాళ్ళకి, అంటే మతానికి విరుద్ధంగా మాట్లాడేవాళ్ళని విచారించే చర్చి కోర్టుకి, పట్టించాడు. ఆరోపణల్లో లోకాల సంగతితో పాటు త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకాన్ని), క్రీస్తు దైవత్వాన్ని శంకించడమూ ఉంది.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇంకో చోట. బ్రూనో మొదటి నుంచీ కొండలా నిలబడ్డవాడేం కాదు, వెనిస్‌లో మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడిగాడు, తర్వాత రోమ్ విచారణలోనూ ఊగిసలాడాడు. ఏడేళ్ళ జైలు తర్వాత, 1599 డిసెంబర్‌లో మాత్రం, వెనక్కి తీసుకోవాల్సింది నా దగ్గరేమీ లేదనేశాడు.

మరి విగ్రహం? 1870లో రోమ్ పోప్ చేతిలోంచి ఇటలీ ప్రభుత్వానికి పోయాక, చర్చి అంటే పడని విద్యార్థులు, మేధావులు పట్టుబట్టి 1889లో పెట్టించారు. మలిచింది ఎత్తోరె ఫెర్రారీ అనే శిల్పి. పోప్ లియో 13 మండిపడ్డాడు. 1929లో ఇటలీకీ వాటికన్‌కీ ఒప్పందం కుదిరాక చర్చి విగ్రహాన్ని తీసేయమని అడిగినా, అప్పటి ఇటలీ నియంత ముస్సోలినీ ఒప్పుకోలేదు. ఆ మరుసటి ఏడాదే, బ్రూనో విచారణలో కూర్చున్న కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద) బెల్లార్మినోని చర్చి పునీతుణ్ణి చేసింది. 2000లో, నాలుగు వందల ఏళ్ళు నిండాక, విచారం వ్యక్తం చేసింది. శిక్ష మాత్రం రద్దు చేయలేదు.