మట్టికి సున్నం: ఎప్పుడు, ఎంత?

అరకు, పాడేరు కొండల ఎర్రనేలల్లో వానలు ఏళ్ల తరబడి కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కిందికి కడిగేస్తాయి. ఆ చోట్లలో హైడ్రోజన్, అల్యూమినియం చేరతాయి. పీహెచ్ (ఆమ్లత కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం) 5.5 కన్నా దిగితే అల్యూమినియం నీటిలో కరగడం మొదలై వేరు కొసలను మొద్దుబారుస్తుంది. అలాంటి వేరు ఎరువు వేసినా అందుకోలేదు. సున్నపురాయి పొడి ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, అల్యూమినియం మళ్లీ గడ్డకట్టి నిరపాయంగా మారుతుంది.

అయితే మన దగ్గర నల్లరేగడిలో చాలాచోట్ల సున్నం ముందే ఉంటుంది. చిటికెడు ఎండు మట్టి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుసమని పొంగితే ఇక సున్నం జోలికి పోవద్దు. పొంగనంత మాత్రాన ఆమ్ల నేల అనుకోకూడదు. 20 గ్రాముల ఎండు మట్టిని 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అరగంట తర్వాత పీహెచ్ కాగితంతో చూడాలి. 6 పైన ఉంటే చాలా కూరగాయలకు ఇబ్బంది లేదు.

మోతాదు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కాగితం చూపేది నీటిలోకి వచ్చిన ఆమ్లాన్నే. బంకమట్టి, హ్యూమస్ (కుళ్లిన ఆకులలముల నల్లటి పదార్థం) పట్టి ఉంచిన నిల్వ దానికి అందదు. అందుకే పీహెచ్ ఒక అంకె పెంచడానికి చదరపు మీటరుకు ఇసుక నేలలో 100-150 గ్రాముల మెత్తటి సున్నపురాయి పొడి సరిపోతే, బంకనేలకు దాదాపు 400 గ్రాములు కావాలి. సగం ఇప్పుడు, సగం కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షించి వేయడం క్షేమం. పైన చల్లి వదిలేస్తే పైపొరలోనే ఉండిపోతుంది, ఆరంగుళాల లోతు కలపాలి. వెల్ల వేయడానికి వాడే, నీళ్లు తగిలి విరిసిన పొడి సున్నమైతే 100 గ్రాముల బదులు 75 చాలు. అది వేగంగా పనిచేస్తుంది, వేర్లను కాల్చగలదు కూడా. మొక్కలున్న కుండీలో వేయకండి. నీళ్లు తగలని రాతిసున్నం తోటకు అసలే వద్దు. పలుకులుగా నలిపిన గుడ్డు పెంకులు కరగడానికి ఏళ్లు పడుతుంది.

కోకోపీట్ పీహెచ్ సాధారణంగా 5.5-6.5 కాబట్టి దానికి సున్నం అక్కర్లేదు. పీట్‌మాస్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడేది) మాత్రం 3.5-4.5 ఉంటుంది. లీటరు మిశ్రమానికి 3-6 గ్రాముల డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి పొడి) కలిపి, తడిపి, రెండు వారాలు ఆగి నాటాలి. విదేశాల్లో అమ్మే పాటింగ్ మిక్స్ సంచుల్లో చాలావరకు ఇది ముందే కలిపి ఉంటుంది, సంచి మీద చదవండి.

యూరియా, అమ్మోనియం సల్ఫేట్, పచ్చి పేడతో కలిపి సున్నం వేస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. రెండు మూడు వారాల ఎడం ఉంచండి. జిప్సం కాల్షియం ఇస్తుంది గానీ పీహెచ్ పెంచదు.

సున్నం మితిమీరితే ఇనుము, జింకు మొక్కకు అందవు. ముందుగా నూరువరహాల లేత ఆకుల్లో తెలుస్తుంది: ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా. బోరునీటి బైకార్బోనేట్లతోనూ ఇదే జరుగుతుంది. కుండీలో అయితే మిశ్రమం మార్చడమే సులువు. నేలలో గంధకం వేసినా పీహెచ్ దిగడానికి నెలలు పడుతుంది.