పాస్టరల్ ప్లాన్‌లో విశ్వాసుల మాట: కడప మేత్రాసనంలో చిత్తూరు వైపు నుంచి చూస్తే

తిరుపతిలో ఉన్న కతోలిక కుటుంబానికి మేత్రాసన (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) కేంద్రం కడప. తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల్ని ఆనుకొని ఉన్న కుప్పం కుటుంబానికీ కడపే. 1976 అక్టోబరు 19న నెల్లూరు మేత్రాసనం నుంచి విడదీసి కడప మేత్రాసనాన్ని ఏర్పాటు చేసినప్పుడు, అప్పటి కడప, చిత్తూరు జిల్లాలు రెండూ దాని పరిధిలోకి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జిల్లాలను మళ్లీ విభజించినా మేత్రాసన హద్దులు కదలలేదు. ఫలితంగా నేటి తిరుపతి జిల్లాలో వెంకటగిరి వైపు విచారణలు (పారిష్‌లు, అంటే ఒక ఫాదర్ చూసుకునే సంఘాలు) నెల్లూరు పీఠాధిపతి (బిషప్) కిందా, తిరుపతి, సత్యవేడు వైపు విచారణలు కడప పీఠాధిపతి కిందా ఉన్నాయి. ఈ మేత్రాసనంలో రాబోయే ఏళ్ల సంఘ సేవకు వేసే ఏ పాలనా ప్రణాళిక (పాస్టరల్ ప్లాన్) గురించి మాట్లాడినా ముందు ఈ దూరాలను లెక్కలోకి తీసుకోవాలి. కుప్పం నుంచి ఒక ఉపదేశి (ఊరి సంఘాన్ని చూసుకునే విశ్వాసి) కడపలో సమావేశానికి రావాలంటే రానూపోనూ రెండు రోజుల కూలి వదులుకోవలసిందే.

దూరపు పాలన ఇక్కడ కొత్త సంగతి కాదు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు (ఫాదర్లు) పుంగనూరులో స్థావరం ఏర్పరచుకున్నప్పుడు వారి పెద్దలు పుదుచ్చేరిలో ఉండేవారు. 1773లో రోము యేసుసభను రద్దు చేసిన తరువాత తెలుగు సమాజాలకు గురువులు కరువయ్యారు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడి మిల్‌హిల్ మిషనరీ సంస్థ గురువుల చేతికి వచ్చాక పల్లెల్లో విచారణలు నిలదొక్కుకున్నాయి కానీ, ఏ ఊళ్లో గుడి కట్టాలో, ఎక్కడ బడి పెట్టాలో తేల్చింది పీఠాధిపతి, విచారణ గురువు, విదేశం నుంచి వచ్చే విరాళం. ఊళ్లో సంగతులు తెలిసిన మనిషి మాత్రం ఉపదేశి. ప్రార్థన నడిపేదీ, జ్ఞానస్నానానికి సిద్ధం చేసేదీ, ఎవరి ఇంట్లో తగువు ఉందో గురువుకు చెప్పేదీ ఆయనే. ఆయన్ని ఎప్పుడూ అడిగేవారు, అయితే ఆ అడగడానికి పద్ధతీ లేదు, హక్కూ లేదు.

దానికి ఒక పద్ధతి ఉండాలని మొదట రాతపూర్వకంగా చెప్పింది ప్రపంచ కతోలిక పీఠాధిపతులు కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ. 1964లో శ్రీసభను (కతోలిక సంఘాన్ని) దైవప్రజగా వర్ణించిన ఆ మహాసభ, 1965 అక్టోబరు 28న పీఠాధిపతుల సేవపై వెలువరించిన ప్రకటనలో, ప్రతి మేత్రాసనంలో గురువులు, మఠవాసులు, గృహస్థులు (సాధారణ విశ్వాసులు) కలిసి కూర్చునే పాస్టరల్ కౌన్సిల్ ఉండటం ఎంతో వాంఛనీయమని పేర్కొంది. వాంఛనీయమని మాత్రమే అన్నది, తప్పనిసరి అనలేదు. భారతదేశంలో ఆ ఆలోచనను నేలకు దించే ప్రయత్నం వెంటనే జరిగింది. 1967లో బెంగళూరులో జాతీయ బైబిలు, ఉపదేశ, ఆరాధనా కేంద్రం వెలిసింది. 1969లో అదే నగరంలో జరిగిన అఖిల భారత సదస్సులో పీఠాధిపతులతో పాటు గురువులు, మఠకన్యలు, గృహస్థులు కూర్చుని దేశంలో శ్రీసభ స్థితిని చర్చించారు.

1983 శ్రీసభ చట్టం ఈ ఆలోచనకు సూత్రాల రూపం ఇచ్చింది. తరువాతి కథంతా ఆ సూత్రాల చుట్టూ తిరుగుతుంది గనుక వాటి దగ్గర కాస్త ఆగాలి. మేత్రాసన పాస్టరల్ కౌన్సిల్‌ను పరిస్థితులు కోరినమేరకు ఏర్పాటు చేయాలని 511వ సూత్రం చెబుతుంది. సభ్యుల ఎంపికలో మేత్రాసనంలోని వేర్వేరు ప్రాంతాలు, సామాజిక స్థితిగతులు, వృత్తులు కనిపించాలని 512వది చెబుతుంది. పీఠం ఖాళీ అయితే, అంటే పీఠాధిపతి లేకపోతే, కౌన్సిల్ రద్దయిపోతుందని 513వది, సంవత్సరానికి ఒక్కసారైనా సమావేశపరచాలని, దాని ఓటు సలహా మాత్రమేనని 514వది చెబుతాయి. విచారణ స్థాయి పారిష్ కౌన్సిల్ కూడా పీఠాధిపతి తగునని భావిస్తేనే ఏర్పడుతుంది. ఆర్థిక మండలి సంగతి వేరు. అది మేత్రాసనంలోనూ, ప్రతి విచారణలోనూ ఉండి తీరాలి. డబ్బు విషయంలో తప్పనిసరి అన్న చట్టమే మనుషుల విషయంలో వీలునుబట్టి అన్నది. అలా రాసినవారికి తమ కారణాలు ఉండవచ్చు, కానీ ఆ తేడా ఫలితం నేటికీ కనిపిస్తోంది.

పీఠం ఖాళీ అయితే కౌన్సిల్ రద్దవుతుందన్న నిబంధన కాగితం మీద చిన్నదే గానీ కడప మేత్రాసనానికి బరువైనది. 2018 డిసెంబరు నుంచి కొన్నేళ్లపాటు ఇక్కడ పీఠం ఖాళీగా ఉండి, పాలన రోము నియమించిన తాత్కాలిక అపోస్తలిక పాలనాధికారి చేతుల్లో నడిచింది. అలాంటి కాలంలో రోజువారీ పనులు ఆగవు. పూజలు, పండుగలు, బడులు, వసతిగృహాలు యథావిధిగా సాగుతాయి. పదేళ్ల చూపుతో వేయవలసిన ప్రణాళికకు మాత్రం ఎవరూ చేయి పెట్టరు, పెట్టినా తరువాత వచ్చే పీఠాధిపతి దాన్ని కొనసాగించాలన్న నియమం లేదు.

మరొక సూత్రం విశ్వాసులలో చాలామందికి తెలియదు. విచారణను కొత్తగా ఏర్పరచాలన్నా, తీసివేయాలన్నా, గణనీయంగా మార్చాలన్నా పీఠాధిపతి గురువుల మండలిని సంప్రదించాలని 515వ సూత్రం ఆదేశిస్తుంది. ఆ విచారణలోని ప్రజలను సంప్రదించాలన్న ఆదేశం అందులో లేదు. ఒక విచారణను రెండుగా చీల్చితే కొన్ని ఊళ్లవారు వివాహ ధ్రువపత్రానికీ, సమాధి స్థలానికీ కొత్త గుడికి వెళ్లాలి. ఆ సంగతి వారికి ఆదివారం పూజ చివర ప్రకటనలోనే తెలిసినా చట్టం దృష్టిలో లోపం ఏమీ లేదు.

1990లో బాండుంగ్‌లో సమావేశమైన ఆసియా పీఠాధిపతుల సమాఖ్య శ్రీసభను సమాజాల సమాజంగా ఊహించి, ఇరుగుపొరుగు కుటుంబాల చిన్న క్రైస్తవ సమాజాలకు పెద్దపీట వేసింది. తెలుగు విచారణలకు ఇది అతికింది, ఎందుకంటే ఇక్కడ ఒక విచారణ అంటే ఒక గుడి కాదు, కేంద్ర గ్రామంతో పాటు చుట్టూ ఉన్న సబ్‌స్టేషన్లు (ఉపకేంద్ర గ్రామాలు). ఫాదర్‌గారు నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఊళ్లో వీధి ప్రార్థన కూటమే సంఘాన్ని నిలబెడుతుంది. కానీ ఆ కూటానికీ పారిష్ కౌన్సిల్‌కూ లంకె కుదిరిన చోట్లు తక్కువ. కౌన్సిల్ సమావేశం సాధారణంగా ఆదివారం పూజ తరువాత జరుగుతుంది. కుర్చీల్లో కూర్చునేది కేంద్ర గ్రామం పెద్దలు, రిటైరైన ఉపాధ్యాయులు, మరియదళం (మరియమాత భక్త సంఘం) అధ్యక్షురాలు. సబ్‌స్టేషన్ల నుంచి వచ్చినవారు ఆఖరి బస్సు చూసుకుని లేస్తారు. గుడి పండుగకు టెంటు, లైట్లు, భోజనాల ఖర్చు తేలేసరికి సమయం అయిపోతుంది.

ప్రణాళికకు లెక్కలు కావాలి, ఇక్కడ లెక్క తీయడమే చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు, ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే పిల్లల సర్టిఫికెట్లను దృష్టిలో పెట్టుకుని, విచారణ కుటుంబాల పుస్తకంలో పేరు రాయించడానికి జంకే ఇళ్లు ఉంటాయి. భారత కతోలికుల్లో అధిక సంఖ్యాకులు దళితులేనని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో తన దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకొంది. 512వ సూత్రం కోరిన సామాజిక ప్రాతినిధ్యాన్ని నమ్మదగిన పుస్తకం లేకుండా ఏ కౌన్సిల్ కొలుచుకోగలదో చెప్పడం కష్టం.

పాశ్చాత్య దేశాల నమూనాలు ఇక్కడ నేరుగా పనికిరావు. 2012లో అమెరికాలోని బోస్టన్ అగ్రపీఠం 288 విచారణలను సుమారు 135 సమూహాలుగా కలపాలని ప్రణాళిక వేసింది. దానికి ప్రధాన కారణాలు గురువుల కొరత, గుడికి వచ్చేవారు తగ్గడం. తెలుగు మేత్రాసనాల నుంచి గురువులు ఆ దేశాలకే సేవకు వెళుతున్నారు. దగ్గరి పోలిక కావాలంటే చిత్తూరులోనే ఉంది. 1947లో ఏర్పడిన ప్రొటెస్టెంటు సంఘమైన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) పాస్టరేట్ (విచారణ లాంటిది) కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు. ఆ ఎన్నికలు తెచ్చే వర్గాలనూ కోర్టు వ్యాజ్యాలనూ చూపించి మనకు అది వద్దనే కతోలికులు ఉన్నారు. వారి భయం ఉత్తది కాదు, కానీ ఎన్నిక వద్దనుకోవడం, అడగడమే వద్దనుకోవడం ఒకటి కావు.

2021 అక్టోబరులో ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోపు) ప్రారంభించిన సినడ్ (శ్రీసభ సంప్రదింపుల సభ) ఈ పాత చర్చను తిరగదోడింది. 2024 అక్టోబరు 26న ఆమోదం పొందిన తుది పత్రం, చట్టం పేర్కొన్న సలహా మండళ్లు ఇకపై తప్పనిసరి కావాలని గట్టిగా కోరింది, సలహా మాత్రమే అన్న మాటను కూడా పునఃపరిశీలించాలన్నది. చట్టం ఇంకా మారలేదు. 2025 మార్చిలో వెలువడిన కార్యక్రమం ప్రకారం 2027 మొదటి ఆరు నెలల్లో ప్రతి మేత్రాసనం మూల్యాంకన సభ జరుపుకోవాలి, 2028 అక్టోబరులో రోములో పెద్ద సభ జరుగుతుంది. ఆ మేత్రాసన సభకు చిత్తూరు వైపు విచారణలు తీసుకెళ్లగలిగినవి కొన్ని ఉన్నాయి: పారిష్ కౌన్సిల్ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, సబ్‌స్టేషన్ల సభ్యులు ఎందరు, గత ఏడాది ఏ నిర్ణయానికి ముందు వారిని అడిగారు, ఏ నిర్ణయం తరువాత వారికి చెప్పారు. ఈ వివరాలు రాసి ఇవ్వడానికి ఏ కొత్త సూత్రమూ అవసరం లేదు, విచారణ గురువు, ఉపదేశి కలిసి కూర్చుంటే ఒక సాయంత్రం పని.