పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఎందుకు కదలదు?

పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జ్ ఉన్నా ఎలక్ట్రిక్ కారు మొండికేయవచ్చు. ఆ బ్యాటరీని మోటారుతో కలిపే కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) మూసుకోవాలంటే కారులోనే విడిగా ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు కావాలి. డోర్ లాకులకు, లోపలి కంప్యూటర్లకు కూడా అదే ఆధారం. ఈ చిన్న బ్యాటరీ పడిపోతే చాలా కార్లు చార్జింగ్ గన్ తగిలించినా చార్జింగ్ మొదలుపెట్టవు.

కారు ఆన్‌లో ఉన్నప్పుడూ, చార్జింగ్ జరుగుతున్నప్పుడూ దీన్ని డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే పరికరం) నింపుతుంది. గన్ పెట్టి ఊరెళ్తే చాలనుకోవడం పొరపాటు. పెద్ద బ్యాటరీ నిండగానే చాలా మోడళ్లలో కన్వర్టర్ కూడా ఆగిపోతుంది. కొన్ని కార్లు మాత్రం మధ్యమధ్య వాటంతటవే నింపుకుంటాయి. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూడండి.

లెక్క చూద్దాం. చిన్న బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది, ఆగి ఉన్న కారు లాగేది 30 మిల్లీఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు పోతాయి. సగం ఖాళీ కావడానికి 24 రోజులు. పార్కింగ్‌లోనూ పనిచేసే డ్యాష్‌క్యామ్ మరో 250 మిల్లీఆంపియర్లు లాగితే అదే సగం మూడు రోజుల్లోపే అయిపోతుంది. ఫోన్ యాప్‌లో మాటిమాటికీ కారును చూసుకోవడమూ దాన్ని నిద్రలేపడమే.

సంక్రాంతికి ఊరెళ్లొచ్చేవారికి ఇబ్బంది తక్కువే. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి నెలల తరబడి ఉండేవారికి మాత్రం మెయింటెయినర్ (గోడ సాకెట్ నుంచి చిన్న బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే చార్జర్) తప్పనిసరి అని మా అభిప్రాయం. ఖాళీగా పడున్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్లీ పూర్తిగా కరగదు. హైదరాబాద్ మే నెల ఎండకు బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగమూ పెరుగుతుంది.

1 నుంచి 5 ఆంపియర్ల మెయింటెయినర్ సరిపోతుంది. అది 14.4 వోల్టుల దాకా నింపి, తర్వాత 13.5 దగ్గర నిలబెట్టాలి. ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీని సర్దుకునేదైతే మేలు. ఎండకాలం ఎక్కువ వోల్టేజీ పెడితే బ్యాటరీలో నీరు తగ్గిపోతుంది. ఆటోకట్ లేని పాతరకం చార్జర్లు ఈ పనికి అసలు వద్దు. మీ 12 వోల్టుల బ్యాటరీ లిథియందైతే దానికి తగిన మెయింటెయినరే వాడాలి. లెడ్ యాసిడ్ చార్జర్‌లోని సల్ఫేషన్ (ప్లేట్ల మీద గట్టిపడ్డ సల్ఫేట్) తొలగించే మోడ్ దాన్ని పాడుచేస్తుంది.

ముందు ఎర్ర క్లిప్పు ప్లస్ టెర్మినల్‌కు, తర్వాత నల్లది మాన్యువల్ చూపిన బాడీ ఎర్త్ పాయింటుకు పెట్టండి. మైనస్ టెర్మినల్‌కే నేరుగా పెడితే, అక్కడ సెన్సర్ ఉన్న కార్లలో ఎక్కిన చార్జ్ లెక్కలోకి రాదు. గోడ సాకెట్ స్విచ్ చివర్లో వేయాలి, తీసేటప్పుడు మొదట ఆపాలి. శాశ్వతంగా వైరు బిగిస్తే ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి. నారింజ రంగు కేబుళ్లలో పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లొస్తాయి కాబట్టి మెయింటెయినర్‌నూ, ఎక్స్‌టెన్షన్ బాక్సునూ నేలమీద ఉంచకండి.

పూర్తిగా నిండాక మెయింటెయినర్ తీసేసి, కారు లాక్ చేసి, మర్నాడు మల్టీమీటర్‌తో చూడండి. లెడ్ యాసిడ్‌దైతే 12.6 వోల్టులో, ఆపైనో ఉండాలి. ఒక్క రాత్రికే 12.4 కన్నా దిగితే ముందు డ్యాష్‌క్యామ్ వంటివి తీసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ దిగుతుంటే బ్యాటరీ పాడై ఉండొచ్చు, లేదా కారులోనే ఏదో కరెంటు లాగుతూ ఉండొచ్చు, సర్వీస్ సెంటర్‌లో చూపించండి.