కాన్సాస్ పల్లె కౌంటీల్లో టోర్నడోలు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో కౌంటీలు విడిగానో నాలుగైదు కలిసో ఐదేళ్ళకోసారి హజార్డ్ మిటిగేషన్ ప్లాన్ అని ఒకటి, అంటే విపత్తుల నష్టం తగ్గించుకునే ప్లాన్, రాసుకుని ఫెమాతో (విపత్తులు చూసుకునే ఫెడరల్ ఏజెన్సీ) ఓకే చేయించుకోవాలి, లేకపోతే షెల్టర్లకీ వాటికీ వీటికీ ఇచ్చే గ్రాంట్లు రావు. కాన్సాస్‌లో అలాంటి ప్లాన్లకి టోర్నడో హిస్టరీ తయారు చేయడం నా పని, అంటే పాత రికార్డులు, వందేళ్ళ కిందటి న్యూస్‌పేపర్లు, డ్యామేజ్ సర్వేలు ముందేసుకుని ఈ కౌంటీలో ఎప్పుడు ఏం వచ్చింది, ఎంత పోయింది అని తవ్వుకుంటూ కూర్చోవడం. ఏప్రిల్ వచ్చిందంటే చాలు విచిటా, కాన్సాస్ సిటీ, డల్లాస్ మనోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డులు మొదలు, వాటికి ఒక్కొక్కళ్ళకీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: రికార్డులో ఈ కౌంటీకి టోర్నడోలు తక్కువే ఉన్నాయి, అంటే సేఫ్ ఏరియా.

అన్నిటికన్నా ఎక్కువ వినేది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తా.

మనం వెబ్‌సైట్లో చూసే అధికారిక లెక్క 1950 నుంచే మొదలవుతుంది. టోర్నడో వచ్చినంత మాత్రాన ఆ లెక్కలోకి ఎక్కదు, ఎవరో ఒకరు చూడాలి, చూసినవాళ్ళు చెప్పాలి, విన్నవాళ్ళు రాయాలి. కాన్సాస్‌లో కయోవా కౌంటీ తీసుకోండి, 720 చదరపు మైళ్ళ పైన నేల, మన మండలాలు ఏడెనిమిది కలిపినంత, జనం చూస్తే రెండున్నర వేలు. అక్కడ 1953లోనో 1961లోనో రాత్రి పదకొండింటికి గోధుమ చేలో ఓ చిన్న టోర్నడో తిరిగి పోతే చూసేదెవరు? పొద్దున రైతు వచ్చి కంచె పడిపోయి ఉంటే గాలికి పడిందనుకుని మళ్ళీ పాతుకుంటాడు, అయిపోయింది.

పోనీ రికార్డైన వాటి సంగతి చూద్దాం. పాత ఎంట్రీలు తెరిస్తే చాలావాటికి పొడవు 0.1 మైలు, వెడల్పు 10 గజాలు అని ఉంటుంది, నిజంగా టేప్ పెట్టి కొలిచారనుకోకండి, వివరం తెలియనప్పుడు వేసే డిఫాల్ట్ అంకె అది. 1970ల దాకా వచ్చిన వాటికి ఎఫ్ స్కేల్ రేటింగ్ (డ్యామేజ్ బట్టి ఎఫ్0 నుంచి ఎఫ్5 దాకా ఇచ్చే గ్రేడ్) అప్పటికప్పుడు ఇచ్చింది కాదు, ఆ స్కేలే ఫుజిటా అనే శాస్త్రవేత్త 1971లో తెచ్చాడు, పాతవాటికి తర్వాత స్టూడెంట్లని కూర్చోబెట్టి పేపర్ కటింగులు చదివించి వేయించారు. రిపోర్టర్ కొంచెం మసాలా దట్టించి రాస్తే రేటింగ్ ఓ మెట్టు పెరిగిపోవడం మామూలే. వెడల్పు కూడా 1990ల మధ్య దాకా సగటు రాసేవాళ్ళు, తర్వాత నుంచి గరిష్ఠం రాస్తున్నారు, ఇది తెలియనివాళ్ళు గ్రాఫ్ గీసేసి టోర్నడోలు లావెక్కుతున్నాయి అంటారు!

ఇంకో తిరకాసు ఉంది. ఒకే టోర్నడో మూడు కౌంటీలు దాటితే డేటాబేస్‌లో మూడు వరసలుగా కనిపిస్తుంది, కౌంటీకి ఒక ముక్క. తెలియక అన్నీ కూడేస్తే ఒకటి కాస్తా మూడైపోతుంది. ఈ పని చేసిన ప్లాన్లు నా టేబుల్ మీదకి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

కాబట్టి పల్లె కౌంటీ లెక్క పక్క సిటీ కౌంటీ లెక్క కన్నా తక్కువుంటే ఆకాశంలో తేడా ఉందని కాదు, కింద చూసే కళ్ళలో తేడా. నేను రిపోర్ట్ రాసేటప్పుడు కౌంటీ ఒక్కదాని అంకె మీద ఎప్పుడూ ఆధారపడను, చుట్టుపక్కల పది పదిహేను కౌంటీలు కలిపి చూస్తా, అప్పుడే అసలు రిస్క్ ఎంతో ఓ అంచనా వస్తుంది.

అపోహ: ఈఎఫ్ నంబర్ అంటే టోర్నడో సైజు.

కాదండి. ఈఎఫ్ అంటే పైన చెప్పిన ఎఫ్ స్కేల్‌కే కొత్త రూపం. సైజు కాదు, నేరుగా గాలి వేగం కూడా కాదు. జరిగిన డ్యామేజ్ చూసి వెనక్కి లెక్కేసి చెప్పే అంచనా అది. సర్వే టీం ఇల్లు పోయిందా అని చూసి ఊరుకోదు, ఎలా పోయింది అని చూస్తుంది. పునాదిలో బోల్టులు ఉన్నాయా, వాటికి వాషరూ నట్టూ బిగించారా, లేక గోడని ఊరికే మేకులతో కొట్టేశారా. మేకుల మీద నిలబడ్డ ఇల్లు నేలమట్టమైతే దానికి ఈఎఫ్5 ఇవ్వరు, ఎందుకంటే అంతకన్నా తక్కువ గాలికే అది పోతుంది.

కయోవా కౌంటీ హెడ్‌క్వార్టర్స్ గ్రీన్స్‌బర్గ్. 2007 మే 4 రాత్రి తొమ్మిదీముప్పావు ప్రాంతంలో దాన్ని కొట్టిన టోర్నడో వెడల్పు 1.7 మైళ్ళు. ఊరు మొత్తం విస్తీర్ణమే ఒకటిన్నర చదరపు మైలు, అంటే ఊరికన్నా టోర్నడోనే వెడల్పు! 95 శాతం ఊరు పోయింది. పొద్దున తీసిన ఏరియల్ ఫోటోల్లో రోడ్ల గళ్ళు కనిపిస్తాయి, కొమ్మల్లేని మొండి చెట్లు కనిపిస్తాయి, వాటి మధ్యలో కాంక్రీట్ గ్రెయిన్ ఎలివేటర్ (ధాన్యం నిల్వ చేసే ఎత్తైన కట్టడం) ఒక్కటి తెల్లగా నిలబడి ఉంటుంది. 1914 నాటి కోర్టు బిల్డింగ్ కూడా మిగిలింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పాత ఎఫ్ స్కేల్ తీసేసి ఈఎఫ్ స్కేల్ తెచ్చారు, దాని మీద మొదటి ఈఎఫ్5 గ్రీన్స్‌బర్గే.

ఇప్పుడు అసలు విషయం. అదే రాత్రి అదే తుఫాను మేఘం గ్రీన్స్‌బర్గ్ దాటాక ట్రౌస్‌డేల్ వైపు ఇంకో టోర్నడో వేసింది, అది ఇంకా వెడల్పు, రెండు మైళ్ళ పైనే. రేటింగ్ మాత్రం ఈఎఫ్3. అక్కడున్నదంతా పొలాలు, అక్కడక్కడా ఓ ఫామ్‌హౌస్, కొట్టడానికి ఏముందని? 2013లో ఓక్లహోమాలో ఎల్ రీనో టోర్నడోది కూడా ఇదే కథ, 2.6 మైళ్ళ వెడల్పు, మొబైల్ రాడార్లు గంటకి మూడొందల మైళ్ళకి దగ్గర గాలిని కొలిచాయి, ముందు ఈఎఫ్5 అన్నారు, తర్వాత డ్యామేజ్ ప్రకారమే ఉండాలని ఈఎఫ్3కి దించారు. పల్లె కౌంటీ హిస్టరీలో ఈఎఫ్1లు, ఈఎఫ్2లే ఉన్నాయంటే నేను ముందు ఆ దారిలో ఇళ్ళు ఉన్నాయా లేవా అని మ్యాప్ తీస్తా.

అపోహ: ఒకసారి కొట్టిన ఊరిని మళ్ళీ కొట్టదు.

రూక్స్ కౌంటీలో కోడెల్ అని ఓ చిన్న ఊరు. 1916 మే 20న టోర్నడో. 1917 మే 20న టోర్నడో. 1918 మే 20న మళ్ళీ టోర్నడో, మూడింటిలో ఇదే పెద్దది, ప్రాణాలు కూడా పోయాయి. తేదీ తప్పు టైప్ చేయలేదు నేను, మూడేళ్ళు వరసగా అదే రోజు. దీన్ని చూసి ఆ ఊరికి ఏదో శాపం అనేవాళ్ళు కూడా తయారవుతారు, అదీ తప్పే. మే మూడో వారం ఆ ఏరియాకి మంచి సీజన్, ఏటా వందల టోర్నడోలు పుట్టే దేశంలో ఎక్కడో ఒకచోట ఇలాంటి కాకతాళీయం పడుతుంది. టోర్నడోకి పాత రికార్డు గుర్తుండదు. ఓక్లహోమాలో మూర్ వాళ్ళనడిగినా చెప్తారు, 1999, 2003, 2013.

అపోహ: మా ఊరికి కొండ అడ్డం, రెండు నదులు కలిసే చోటు, టోర్నడో రాదు.

ప్రతి కౌంటీలోనూ ఓ పెద్దాయన ఉంటాడు ఇది చెప్పడానికి, ఆయన తాత ఆయనకి చెప్పి ఉంటాడు. టొపీకాలో బర్నెట్స్ మౌండ్ అనే గుట్ట ఊరిని కాపాడుతుందని నమ్మేవాళ్ళు, 1966 జూన్ 8న ఎఫ్5 టోర్నడో సరిగ్గా ఆ గుట్ట మీదుగానే దిగి సిటీని మూలకి మూల కోసుకుంటూ పోయింది. మ్యాన్‌హాటన్, అదే కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఊరు, మన స్టూడెంట్లు చాలామందికి తెలిసిందే, అక్కడ నదుల కథ చెప్పేవాళ్ళు. 2008 జూన్ 11న ఈఎఫ్4 వచ్చింది, క్యాంపస్‌లోకి కూడా దూరింది, దెబ్బతిన్న వాటిలో విండ్ ఎరోజన్ ల్యాబ్ ఒకటి, గాలి కోత మీద రీసెర్చ్ చేసే ల్యాబ్!

పది కిలోమీటర్ల పైన ఎత్తున్న మేఘం కింద తిరిగే గాలికి వంద అడుగుల గుట్ట ఏం అడ్డం? 1925 ట్రై-స్టేట్ టోర్నడో మిసిసిపీ నదినే దాటి పోయింది, 695 మంది చనిపోయారు.

అపోహ: పాతకాలం టోర్నడోలు పెద్దవి, అందుకే అంతమంది పోయారు.

కౌలీ కౌంటీలో ఉడాల్, 1955 మే 25, రాత్రి పదిన్నర దాటాక. ఆరొందల మంది ఉన్న ఊరు, జనం చాలావరకు పడుకున్నారు. ఆ టోర్నడో 80 మందిని పొట్టన పెట్టుకుంది, ఎక్కువమంది ఆ ఊరివాళ్ళే, కాన్సాస్ చరిత్రలో దీన్ని మించింది లేదు. గ్రీన్స్‌బర్గ్ ఉడాల్‌కి రెట్టింపు పైన ఊరు, అదీ రాత్రే, అదీ టాప్ రేటింగే, మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, పోయినవాళ్ళు 11 మంది. రెండు టోర్నడోల బలంలో చెప్పుకోదగ్గ తేడా ఏం లేదు. 2007లో డాడ్జ్ సిటీ వెదర్ సర్వీస్ ఆఫీసు రాడార్ మీద దాన్ని ముందే పట్టుకుంది, ఇరవై నిమిషాల ముందు సైరన్లు మోగాయి, ఊరు దగ్గరికి వచ్చేసరికి టోర్నడో ఎమర్జెన్సీ అని ఇంకా గట్టిగా చెప్పారు, జనం బేస్‌మెంట్లలోకి దిగారు.

మరి 1955కి ముందు? 1880ల చివర్నుంచి దశాబ్దాల తరబడి ప్రభుత్వ ఫోర్‌కాస్ట్‌లో టోర్నడో అనే మాటే వాడనిచ్చేవాళ్ళు కాదు, జనం బెదిరిపోతారని. 1947 ఏప్రిల్ 9న ఓక్లహోమా వుడ్‌వర్డ్‌లో వందమందికి పైగా చనిపోయారు, ముందస్తు హెచ్చరిక ఏమీ లేదు. మరుసటేడు మార్చి 20న టింకర్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌ని టోర్నడో కొట్టాక అక్కడి ఆఫీసర్లు ఫాబుష్, మిల్లర్ ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకుని, మార్చి 25న మళ్ళీ అలాంటి వాతావరణమే ఉందని టోర్నడో ఫోర్‌కాస్ట్ ఇచ్చేశారు. ఆ సాయంత్రం నిజంగానే వచ్చింది, అదే బేస్ మీదకి! వెదర్ బ్యూరో, అంటే అప్పటి ప్రభుత్వ వాతావరణ శాఖ, ఆ మాట మీద ఆంక్ష పూర్తిగా ఎత్తేసింది 1950లో.

అపోహ: కిటికీలు తెరవాలి, బేస్‌మెంట్‌లో నైరుతి మూలకి పోవాలి.

నైరుతి అనగానే మనోళ్ళకి వాస్తు గుర్తొచ్చి ఇది ఇంకా బాగా ఎక్కుతుంది :) ఇది 1880ల నాటి సలహా, అమెరికా ఆర్మీ సిగ్నల్ కోర్ ఆఫీసర్ జాన్ ఫిన్లీ రాసిన కాలంది. టోర్నడో నైరుతి నుంచి వస్తుంది కాబట్టి శిథిలాలన్నీ ఈశాన్యానికి ఎగిరిపోతాయని లెక్క. 1966 టొపీకా టోర్నడో తర్వాత కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోసెఫ్ ఈగల్‌మన్ ఇళ్ళకి ఇళ్ళు తిరిగి చూస్తే తేలిందేంటంటే ప్రమాదం ఎక్కువున్నది ఆ నైరుతి వైపే. గాలి ముందు తగిలేది ఆ గోడకే, ఇల్లు పునాది మీద నుంచి జరిగితే అటు గోడ లోపలికి పడుతుంది. ఏ మూల అని వెతక్కండి, కిటికీలకి దూరంగా ఏదైనా గట్టి టేబుల్ కిందకో మెట్ల కిందకో దూరండి. బేస్‌మెంట్ లేకపోతే కింది అంతస్తులో కిటికీ లేని బాత్రూమో క్లాజెట్టో, తలకి బైక్ హెల్మెట్ ఉంటే పెట్టుకోండి.

కిటికీల విషయం రెండు ముక్కల్లో: కిటికీలు మూసి ఉంటే లోపలి గాలి ప్రెషర్‌కి ఇల్లు పేలిపోతుందని అనుకుంటారు, అలా పేలదు, గాలి చూరు కిందకి దూరి కప్పు లేపేస్తుంది, తర్వాత గోడలు పడతాయి. కిటికీ తెరిస్తే దాని పని సులువు చేసినట్టే.

అపోహ: కారులో ఉంటే ఓవర్‌పాస్ (ఫ్లైఓవర్) కింద దాక్కోవాలి.

వద్దు. 1991లో కాన్సాస్ టర్న్‌పైక్ అనే టోల్ హైవే మీద తీసిన ఓ వీడియో వల్ల పాకిన అపోహ ఇది. 1999 మే 3న ఓక్లహోమాలో మూడు ఓవర్‌పాస్‌ల కింద ముగ్గురు చనిపోయారు. గాలి ఆ సందులో ఇంకా వేగం పుంజుకుంటుంది.

అపోహ: సైరన్ మోగితే ఇంట్లో ఎలాగూ వినిపిస్తుంది.

ఆ సైరన్లు బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి. ఏసీ వేసుకుని తలుపులేసుకుని పడుకున్నవాళ్ళకి వినపడుతుందనే గ్యారంటీ లేదు, పల్లె కౌంటీల్లో అయితే ఊరు దాటాక సైరనే ఉండదు. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ చిరాకని ఆఫ్ చేసినవాళ్ళు దయచేసి ఇప్పుడే ఆన్ చేయండి. ఇంకోటి, 2007 అక్టోబర్ నుంచి వార్నింగ్ కౌంటీ మొత్తానికి ఇవ్వట్లేదు, మ్యాప్ మీద తుఫాను దారి వరకే గీత గీసి ఇస్తున్నారు, కాబట్టి మీరు ఆ గీత లోపల ఉన్నారా లేదా చూసుకోవాలి, కౌంటీ పేరు విని భయపడిపోవడమూ వద్దు, పక్క కౌంటీ కదా అని తీసిపారేయడమూ వద్దు.

అపోహ: క్లైమేట్ చేంజ్ వల్ల టోర్నడోలు డబులైపోయాయి.

మొత్తం లెక్క 1950ల కన్నా బాగా పెరిగింది, నిజమే, కానీ పెరిగినవి దాదాపు అన్నీ బలహీనమైనవి, డాప్లర్ రాడార్లూ స్పాటర్లూ (తుఫానుని కళ్ళతో చూసి చెప్పే వాలంటీర్లు) చేతిలో ఫోన్లూ వచ్చాక పట్టుబడుతున్నవి. కొంచెం బలమైన వాటి సంఖ్య పెద్దగా మారలేదు. మారినవి వేరే ఉన్నాయి: టోర్నడో వచ్చే రోజులు తగ్గి, వచ్చిన రోజున గుంపుగా వస్తున్నాయి, జోరు కాస్త తూర్పు రాష్ట్రాల వైపు జరుగుతోంది.

అపోహ: టోర్నడో అమెరికాకే పరిమితం, మన వైపు ఉండవు.

ప్రపంచంలో అత్యధికంగా ప్రాణాలు తీసిన టోర్నడో వచ్చింది బంగ్లాదేశ్‌లో, 1989 ఏప్రిల్ 26న మాణిక్‌గంజ్ జిల్లాలో, సుమారు 1,300 మంది అని అంచనా. మన దగ్గరికొస్తే 2024లో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలినప్పుడు టోర్నడోనా, డౌన్‌బరస్టా అని పెద్ద చర్చే నడిచింది, నన్ను కూడా చాలామంది అడిగారు. దూరం నుంచి వీడియో చూసి తేల్చే విషయం కాదది. ఇక్కడ మేం సర్వేలో చూసేది చెట్లు ఏ దిక్కుకి పడ్డాయని. డౌన్‌బరస్ట్ అంటే మేఘం నుంచి గాలి కిందకి కుమ్మరించినట్టు పడి నలువైపులా పరుచుకోవడం, చెట్లు ఒకే వైపుకో విసనకర్రలా బయటికో పడి ఉంటాయి. టోర్నడో అయితే సన్నటి పట్టీ లాంటి దారి ఉంటుంది, దానికి రెండు పక్కలా చెట్లు లోపలికి, మధ్య గీత వైపు పడతాయి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా. ఎవరికైనా మళ్ళీ అలాంటిది కనిపిస్తే ముందు పైనుంచి డ్రోన్ ఫోటోలు తీయండి, దిక్కు తెలిసేలా, అదీ రోడ్డు క్లియర్ చేయడానికి జేసీబీ రాకముందే, అది లాగి పక్కన పడేశాక ఏ చెట్టు ఎటు కూలిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.