నాజీల కాలంలో పోయిన కుటుంబ ఆస్తి: అపోహలు – వాస్తవాలు

అపోహ: నాజీలు మీదపడి దోచుకుపోయారు, ఇక కాగితాలేం మిగులుతాయి?

వాస్తవం: దోపిడీలో చాలా భాగం ఆఫీసుల్లో, ఫారాల మీదే జరిగింది. 1938 ఏప్రిల్ 26 ఉత్తర్వు ప్రకారం 5,000 రైక్‌మార్కులకు (అప్పటి జర్మనీ డబ్బు) మించి ఆస్తి ఉన్న యూదులు దాని వివరాలన్నీ రాసివ్వాలి. బెర్లిన్ నుంచి బలవంతంగా తరలించబోయే యూదులచేత 16 పేజీల ఫారం నింపించేవారు. కుర్చీలెన్ని, దుప్పట్లెన్ని, వంటింట్లో ఏమున్నాయి, అన్నీ అందులో ఉంటాయి. మనిషిని రైలెక్కించాక గ్యాస్, కరెంటు బాకీ కోసం వచ్చిన ఉత్తరాలు కూడా కొన్ని ఫైళ్లలో దొరుకుతాయి. ఇవి పాట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి.

పేరు దొరకలేదని అక్కడే ఆగిపోవద్దు. 1939 జనవరి నుంచి చాలామంది యూదు మగవాళ్ల పేరుకి ఇజ్రాయెల్, ఆడవాళ్ల పేరుకి సారా అని బలవంతంగా తగిలించారు. అందుకే పేరు రెండు రకాలుగానూ వెతకాలి. వీధుల పేర్లూ మారాయి. బెర్లిన్ పాత అడ్రసు పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, ఆ ఏడాది పుస్తకమే తీసి చూడండి.

అపోహ: అమ్మినట్టు దస్తావేజు ఉంది, సంతకం ఉంది. అడగడానికి ఏం మిగిలింది?

వాస్తవం: కుటుంబాలు ఎక్కువగా చేతులెత్తేసేది ఇక్కడే. అమెరికా అధీనంలోని జర్మనీలో 1947లో వచ్చిన 59వ నంబరు చట్టం ఈ లెక్కను తిరగేసింది. 1933 జనవరి 30 నుంచి 1945 మే 8 వరకు, వేధింపులకు గురైన వర్గాల వాళ్లు చేసిన అమ్మకాన్ని బలవంతపు అమ్మకంగానే చూస్తారు. కాదని నిరూపించే బాధ్యత కొన్నవాడిది. ధర న్యాయమైనదేనని, ఆ డబ్బు అమ్మినవాడు తన ఇష్టప్రకారం వాడుకోగలిగాడని అతడే చూపాలి. 1935 సెప్టెంబరు 15 తర్వాతి అమ్మకాలకైతే, నాజీలు లేకపోయినా ఆ అమ్మకం జరిగేదేనని లేదా అమ్మినవాడి ప్రయోజనాలను తాను కాపాడానని కూడా చూపాలి. తూర్పు జర్మనీ ఆస్తుల కోసం 1990లో చేసిన చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది.

కాబట్టి దస్తావేజులోని ధర చూసి వదిలేయకుండా డబ్బు ఎటు పోయిందో పట్టుకోండి. తరచుగా అది స్తంభింపజేసిన ఖాతాలో పడేది. అందులోంచి దేశం విడిచేవాళ్ల మీద 25 శాతం పన్ను, 1938 నవంబరు తర్వాత యూదుల ఆస్తి మీద ప్రత్యేక వసూలు కోసుకునేవారు.

జర్మన్ భూమి రిజిస్టరు గ్రుండ్‌బూఖ్‌లో మూడు భాగాలుంటాయి: యజమానులు, ఆంక్షలు, తనఖాలు. రద్దయిన నమోదును చెరిపెయ్యరు, ఎర్రగీత పెడతారు. మనకు కావలసింది ఆ ఎర్రగీతల కిందిదే. కొత్త పేజీ నకలొక్కటే తీసుకుంటే పాత యజమాని పేరు కనిపించకపోవచ్చు. మన ఈసీని (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తక్కువ ఏళ్లకే తీసినట్టవుతుంది. మూసేసిన పాత పేజీలు, వాటి వెంట ఉండే దస్తావేజుల కట్ట కావాలని స్పష్టంగా రాసి అడగండి. వారసత్వం వల్ల మీకు సంబంధం ఉందని ఆధారం జతచెయ్యండి.

అపోహ: ఇలాంటి అన్యాయానికి గడువు ఉండదు.

వాస్తవం: స్థిరాస్తికి ఉంది, దాటిపోయింది కూడా. అమెరికా జోన్‌లో 1948 డిసెంబరు 31, తూర్పు జర్మనీ భూములకు, ఇళ్లకు 1992 డిసెంబరు 31. తూర్పున వారసులు అడగని యూదుల ఆస్తికి జ్యూయిష్ క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే యూదుల సంస్థ వారసురాలైంది. ఈ సంగతి దాచి, ఇల్లు ఇప్పిస్తామని ఇవాళ ఫీజు అడిగేవాళ్లను నమ్మకండి.

కళాఖండాల దారి వేరు. నాజీలు దోచిన కళాఖండాల గురించి 1998లో 44 దేశాలు ఒప్పుకున్న వాషింగ్టన్ సూత్రాలు చట్టం కాకపోయినా మ్యూజియాలను మాటల దాకా తెచ్చాయి. అమెరికాలో 2016 చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడుందో, దాని మీద మీ హక్కేమిటో నిజంగా తెలిసిన రోజు నుంచి ఆరేళ్లు లెక్క.

అపోహ: పరిహారం తీసుకుంటే హక్కు పోయినట్టే.

వాస్తవం: హాన్స్ జాక్స్ కుటుంబం సంగతి చూడండి. బెర్లిన్‌లో పళ్ల డాక్టరైన ఆయన సేకరించిన 12,500 పోస్టర్లను 1938లో నాజీల రహస్య పోలీసు గెస్టపో పట్టుకుపోయింది. అన్నీ నాశనమయ్యాయనుకుని 1961లో పశ్చిమ జర్మనీ ఇచ్చిన 2,25,000 మార్కుల పరిహారం తీసుకున్నారు. కొన్ని తూర్పు బెర్లిన్‌లో మిగిలాయని తర్వాత తెలిసింది. జర్మనీ ఏకమయ్యాక అవి జర్మన్ హిస్టారికల్ మ్యూజియానికి చేరాయి. కొడుకు పీటర్ అడిగితే 2007లో ఇలాంటి వివాదాల కోసం జర్మనీ పెట్టిన సలహా సంఘం ఆయనకు వ్యతిరేకంగా చెప్పింది. ఆయన కోర్టుకెక్కారు. 2012 మార్చి 16న జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు తిరిగివ్వమంది, 4,259 పోస్టర్లు కుటుంబానికి దక్కాయి. యాజమాన్యం ఎప్పుడూ చేతులు మారలేదనీ, గడువులోగా వస్తువు ఆచూకీయే తెలియనివాడికి ఆ గడువు అడ్డు కాదనీ తీర్పు సారాంశం. అయితే వస్తువు తిరిగొస్తే తీసుకున్న పరిహారం వెనక్కి కట్టాల్సి వస్తుంది, ముందే లెక్కేసుకోండి.

అపోహ: మనవడినని చెబితే చాలు.

వాస్తవం: ప్రతి తరానికీ జనన, వివాహ, మరణ పత్రాలు, పైన జర్మన్ కోర్టు వారసత్వ పత్రం అడుగుతారు. క్యాంపుల్లో పోయిన చాలామందికి మరణ తేదీ 1945 మే 8 అని చట్టం ఊహించుకుంది. భార్యాభర్తల్లో ఎవరు ముందు పోయారన్నదాన్ని బట్టి ఆస్తి ఏ వైపు బంధువులకు వెళ్తుందో మారిపోతుంది. అందుకే వంశవృక్షం గీసి, తేదీలకు ఆధారాలు ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో (నాజీ బాధితుల రికార్డులుండే జర్మనీ ఆర్కైవ్) వెతికి, వారసులందరి పేర్లూ చేర్చాకే దరఖాస్తు పంపండి. ఒక్క దాయాదిని వదిలేసినా ఫైలు అక్కడే ఆగిపోవచ్చు.